కనబడని వెలుగు

నిన్న ప్రవచనం మొదలయ్యే వేళకి రిమోట్ మొరాయించింది. అరచేతిలో నాలుగు దెబ్బలు కొట్టాను, సెల్లులు తిప్పి వేశాను. ఊహూఁ. మనవడు సెల్ఫీ కెమెరా ముందు రిమోట్ మూతి పెట్టి "నొక్కు తాతయ్యా" అన్నాడు. ఫోను తెరమీద ఊదారంగు చుక్క మినుకుమంది. కంటికి మాత్రం ఏమీ లేదు. ఆ పరారుణ కాంతి సుమారు 940 నానోమీటర్లట. మన చూపు 700 దాటితే చేతులెత్తేస్తుంది.

ప్రత్యక్షమొక్కటే ప్రమాణమన్న చార్వాకుడు ఇక్కడేమంటాడు? ఫోనులో చూసిందీ ప్రత్యక్షమే అంటాడేమో, గడుసువాడు! నైయాయికుడికి ఆ చుక్కే అక్కర్లేదు. పొగని చూసి నిప్పుందన్నట్టు, ఛానల్ మారితే వెలుగుందంటాడు. నా ఓటు ఆయనకే. అలాగని దేవుణ్ణీ ఇలాగే తేల్చేద్దామంటే ఒప్పుకోను. అక్కడ నొక్కి చూడ్డానికి బటన్ లేదు.

ఇంతకీ రిమోట్‌కి ఏ రోగమూ లేదు. టీవీ సెన్సర్‌కి అడ్డంగా మా ఆవిడ కొత్త వినాయకుడి బొమ్మ పెట్టింది. జరిపాను.