గోడ రొట్టె కాల్చదు

కర్నూలు జిల్లా గూడూరుకు పడమట, నల్లరేగడి నేలల్లోని ఒక పల్లెలో ఒక మోతుబరి రైతు ఉండేవాడు. తాను నాలుగో తరగతి దాటలేదు గనక ఊరి పిల్లలైనా దాటాలని ఆయన కోరిక. మొదటి ఏడు బడికి రెండు గదులు కట్టించాడు. రెండో ఏడు బెంచీలు చేయించాడు. మూడో ఏడు చుట్టూ ప్రహరీ గోడ లేపించాడు. అయినా ఏటా అదే వరస. జూన్‌లో నిండిన బడి దీపావళి దాటేసరికి సగం ఖాళీ. అయ్యవారి హాజరు పట్టీలో పేర్లుండేవి, గదిలో పిల్లలుండేవారు కాదు.

నాలుగో ఏడు ఆయనకు కోపమొచ్చింది. "ఈ జనానికి చదువు విలువ తెలీదు. ఇంక పైసా పెట్టను" అని రచ్చకట్ట మీద అందరూ వినేలా అన్నాడు. అక్కడే కూర్చున్న ఒక అవ్వ లేచి, "నాయనా, నాతో ఊరొకసారి తిరిగి రా" అంది.

వీధి పొడుగునా తాళాలే.

"ఈ ఇంటోళ్లు సుగ్గికి పోయినారు, గుంటూరు తట్టు మిరపకాయలు తెంపను. ఆ ఇంటోళ్లు బెంగళూరులో బేల్దారి పనికి. అప్పులోడు గడపలో కూర్చుంటే యాడుంటారు? పిల్లోళ్లను ఎవరికాడ ఇడిచి పోవల్ల? వయసుకొచ్చిన ఆడపిల్లను తాళమేసిన ఇంటికాడ ఇడిచిపెడతారా?"

"నువ్వున్నావు కదా అవ్వా?"

"ఉన్నా. పోయినేడు నా కాడ ముగ్గురు మనవళ్లుండి బడికి పోయిరి. ఈ ఏడు గింజలు చాలలేదు, వాళ్లూ లారీ ఎక్కిరి. నీ గోడ బాగుంది నాయనా. అది పిల్లోళ్లకు రొట్టె కాల్చి పెట్టదు గదా!"

ఆ రాత్రి రైతు లెక్క వేసుకున్నాడు. గోడకైన ఖర్చుతో ఊళ్లో మిగిలే పిల్లలందరికీ ఎన్నో నెలల జొన్నలు, బేడలు, నూనె వచ్చేవి. మరుసటి ఏడు దసరాకు ముందే గింజలు కొని, ఊళ్లో ఉండిపోయే అవ్వలకు ఇచ్చాడు. ఆడపిల్లలు రాత్రిళ్లు పడుకోవడానికి తన ఇంట్లోనే ఒక గది విడిచి, తోడుగా ఇద్దరు ముసలమ్మలను పెట్టాడు. కొందరు నమ్మక పిల్లలను వెంట తీసుకుపోయారు. ఆ పైయేడు వాళ్లూ పిల్లలను ఊళ్లోనే విడిచిపోయారు. ఉగాదికి తిరిగొచ్చిన తల్లులకు పిల్లలు పుస్తకం చదివి వినిపించారు.

నీతి: చదువుకు పెట్టే రూపాయి, బిడ్డ బడికి దూరమయ్యే చోటే పడాలి.

కథ కల్పితం, తాళాలు మాత్రం నిజం. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, కౌతాళం, మంత్రాలయం వైపు పల్లెల్లో ఖరీఫ్ ముగిశాక కుటుంబాలకు కుటుంబాలే వలసపోవడం ఏళ్లుగా ఉన్నదే. తుంగభద్ర పక్కనే పారుతున్నా ఎక్కువ చేలకు వానే దిక్కు. అంతకుముందే విత్తన పత్తి చేలల్లో క్రాసింగ్ పని కొందరిని లాగేస్తుంది. సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు తీయాలి, పొద్దున పుప్పొడి అద్దాలి. ఈ పని చాలాకాలం చిన్న ఆడపిల్లల చేతుల మీద నడిచింది. 2011 జనగణనలో కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతం దగ్గరే ఆగింది. ఆడవాళ్లలో సగం మందికి అప్పటికి చదవడం రాయడం రాదు.

ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ చదువు హక్కని 2009లో చట్టం చేశారు. వలస కుటుంబాల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు, ఆడపిల్లలకు 2004 నుంచి కస్తూర్బా విద్యాలయాలు వచ్చాయి. ఈ నేలకు కావలసినవి ఇవే అని నా నమ్మకం. కానీ సీజనల్ హాస్టల్ సుగ్గి లారీ కదలకముందే తెరవాలి. లారీ వెళ్లాక తెరిస్తే అందులో పడుకునేదెవరు?

పదిమందీ కలిసి ఒక పని నిలబెట్టడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1938లో ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టి, నేతగాళ్ల బట్టకు ఉత్పత్తి నుంచి అమ్మకం దాకా దారి చూపారు. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఈ ఊళ్లలో పుట్టి హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్నవారికి ఒక మనవి. మీ బడికి ఏదైనా ఇవ్వాలనిపిస్తే, పేరు చెక్కిన ఆర్చి కట్టించకముందు హెడ్మాస్టరును ఒక్క మాట అడగండి: దసరా తర్వాత ఎంతమంది పిల్లలు వెళ్లిపోతున్నారు? వాళ్లకు ఉగాది దాకా తిండికి, పడకకు ఎంతవుతుందో లెక్క కట్టించి, ముందు ఆ డబ్బు పంపండి.