సిగ్నల్ పోతే తప్పెవరిది?

పోయిన సంవత్సరం మా సైన్సు క్లబ్బులో రేడియోతో నడిచే చిన్న విమానం ఒకటి చేసినాము. దాన్ని గురించి పత్రికకు రాయమని సారు చెప్తే, ఎట్ల చేసినామో రాద్దామని కూర్చున్నాను. రెండు పేజీలు రాసి చించేసినాను. ఎట్ల చేసినాము అనేదానికన్నా, నేను చెయ్యకుండా వదిలేసింది ఏమిటి అనేదే నన్ను చాలా రోజులు నిద్రపోనీలేదు. అందుకని ఆ సంగతే రాస్తాను. చదివినవాళ్లు తిట్టుకున్నా సరే.

ముందు విమానం గురించి కొంచెం చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఫోమ్ షీటుతో రెక్కలు, ఒడలు చేసినాము. రెక్క వంగకుండా లోపల సన్నని కార్బన్ కడ్డీ పెట్టినాము. ముందు ఒక మోటారు, తోకలో రెండు సర్వోలు. సర్వో అంటే చిన్న మోటారే గాని, దాని చెయ్యి ఎంత తిరగమంటే అంతే తిరిగి అక్కడ నిలబడుతుంది. ఒకటి చుక్కానిని తిప్పుతుంది, ఇంకొకటి విమానం ముక్కును పైకీ కిందికీ చేస్తుంది. 7.4 వోల్టుల లిథియం పాలిమర్ బ్యాటరీ. మొత్తం తూకం 238 గ్రాములు. 250 గ్రాములు దాటకూడదని సారు పట్టుబట్టినారు, ఎందుకంటే 2021 డ్రోన్ రూల్సులో 250 గ్రాముల లోపు వాటిని నానో అంటారు, అన్నిటికన్నా చిన్న తరగతి అది. చిన్నది కదా, ఏం చేస్తుందిలే అని ఆ రోజు నేను కూడా అనుకున్నాను.

రేడియో సెట్ చేసే పని నాది. చేతిలో ఉండేది ట్రాన్స్‌మిటర్, విమానంలో ఉండేది రిసీవర్. మొదట రెండింటినీ కలపాలి, దాన్ని బైండింగ్ అంటారు. ఒకసారి కలిపితే ఆ రిసీవర్ ఆ ట్రాన్స్‌మిటర్ మాట తప్ప ఇంకెవరి మాటా వినదు. పాతకాలం రేడియోలు ఇట్ల ఉండేవి కావంట. సారు కాలేజీలో ఎన్‌సీసీ ఎయిర్ వింగులో ఉండి ఇవన్నీ చూసినారు. ఒకే నంబరు ఛానల్ మీద ఇద్దరు రేడియో వేస్తే గాల్లో ఉన్నవాని విమానం కింద పడేది. అందుకని మైదానంలో ఒక బోర్డు పెట్టి, ఛానల్‌కు ఒక క్లిప్పు చొప్పున తగిలించేవాళ్లు. క్లిప్పు చేతిలో ఉన్నవాడే రేడియో వెయ్యాలి. నాకు ఆ పద్ధతి చాలా నచ్చింది. స్విచ్ నాదే అయినా, దాన్ని వేసే ముందు వేరేవాళ్ల విమానాన్ని తలచుకోవాలి.

బైండింగ్ అయినాక దిక్కులు చూసుకోవాలి. విమానం వెనక నిలబడి కర్రను కుడికి తోస్తే చుక్కాని కుడికే తిరగాలి. ఉల్టా తిరిగితే మెనూలో రివర్స్ చెయ్యాలి. ఇవన్నీ ప్రొపెల్లర్ విప్పేసి చెయ్యాలి. వేసేటప్పుడు ముందు ట్రాన్స్‌మిటర్, తర్వాత విమానం బ్యాటరీ. తీసేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ట్రాన్స్‌మిటర్. విమానం ఎప్పుడూ చెప్పే దిక్కు లేకుండా మేలుకుని ఉండకూడదు, అంతే.

ఇంక రెండు పనులు మిగిలినాయి. ఒకటి రేంజ్ చెక్. ట్రాన్స్‌మిటర్ శక్తిని కావాలనే తగ్గించి, ముప్పై అడుగులు నడిచి, అక్కడినుంచి కూడా చుక్కాని కదులుతుందా అని చూడాలి. రెండోది ఫెయిల్‌సేఫ్. సిగ్నల్ పోతే విమానం ఏం చెయ్యాలో ముందే చెప్పి పెట్టడం. చెప్పకపోతే కొన్ని రిసీవర్లు ఆఖరిసారి విన్న ఆజ్ఞనే పట్టుకుని ఉంటాయి. మాది ఆ రకమే. మోటారు సగం వేగంలో ఉన్నప్పుడు సిగ్నల్ పోతే బ్యాటరీ అయిపోయేదాకా సగం వేగంలోనే పోతుంది. అట్ల కాకుండా, సిగ్నల్ పోతే మోటారు ఆగేటట్లు, చుక్కాని కొంచెం పక్కకు తిరిగి విమానం అక్కడక్కడే చుట్టుతూ దిగేటట్లు పెట్టుకోవచ్చు. రెండు నిమిషాల పని.

నేను ఆ రెండూ చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదంటే పెద్ద కారణం ఏమీ లేదు. సంక్రాంతి సెలవులు. సాయంకాలం ఐదు దాటింది, పొద్దు వాలిపోతా ఉంది. కింది క్లాసుల పిల్లలు చెరువు కట్ట ఇవతల బీడులో గుంపుగా కూర్చుని అరుస్తా ఉన్నారు. అంతకుముందు ఆదివారం నేనూ నా స్నేహితుడూ ఇద్దరమే వచ్చి, దగ్గర దగ్గరే రెండు చుట్లు తిప్పి దించినాము, ఏమీ కాలేదు. సారు వచ్చి అడిగినారు: "రేంజ్ చెక్, ఫెయిల్‌సేఫ్ అయినాయా?"

"అయినాయి సార్" అన్నాను.

ఇంకొక తప్పు కూడా ఉంది, అది నాకు అప్పుడు తెలియదు. 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగం పొడవు లెక్క వేస్తే 12.5 సెంటీమీటర్లు వస్తుంది, అందులో నాలుగో వంతు మూడు సెంటీమీటర్ల పైచిలుకు. రిసీవర్ తీగ చివర ఉండే ఆ మూడు సెంటీమీటర్లే అసలైన ఆంటెనా. దాన్ని విడిగా, దేనికీ అంటకుండా పెట్టాలి. నేను నీటుగా కనపడాలని కార్బన్ కడ్డీ వెంబడి టేపుతో అంటించినాను. కార్బన్ ఈ తరంగాలకు అడ్డం. రేంజ్ చెక్ చేసి ఉంటే అప్పుడే తెలిసిపోయేది.

మొదటి రెండు చుట్లు బాగా తిరిగింది. మూడో చుట్టులో కొంచెం దూరం పోయింది. తిప్పుదామని కర్రను తోసినాను, తిరగలేదు. మోటారు తగ్గించినాను. శబ్దం తగ్గలేదు. ఆ శబ్దం తగ్గకపోవడంతోనే నాకు అంతా అర్థమైపోయింది. విమానం తిన్నగా చెరువు కట్ట దాటి అవతలికి పోయింది. చేతిలో ట్రాన్స్‌మిటర్ పట్టుకుని, ఏ బటనూ పనికిరాకుండా, నేను ఊరికే పరిగెత్తినాను.

కట్ట అవతల ఒక కళ్లంలో రాగులు నూర్చి తూర్పార పడుతున్నారు. కానుగ చెట్టుకు చీర ఉయ్యాల కట్టి బిడ్డను పడుకోబెట్టినారు. విమానం ఆ చెట్టు కొమ్మకు తగిలి ఉయ్యాలకు రెండు బారల దూరంలో గడ్డి మీద పడింది. పడినా మోటారు ఆగలేదు. గడ్డిని నరుక్కుంటూ పొర్లుతా ఉంటే, బిడ్డ వైపు వస్తుందేమోనని ఆ అక్క చేత్తో పట్టేసింది. అరచెయ్యి కోసుకుంది. ఆసుపత్రిలో రెండు కుట్లు వేసినారు.

సారు ఆమెతో, "సిగ్నల్ పోయిందమ్మా, పిల్లల తప్పేం లేదు" అని చెప్పినారు. ఆమె, "ఇడవండి సార్, చిన్నబిడ్డోళ్లు. మా బిడ్డకేమీ కాలేదు గదా, అదే సాలు" అన్నది. నేను పక్కనే నిలబడి విన్నాను.

ఇప్పుడు నా ప్రశ్న. సిగ్నల్ పోయినాక నా చేతిలో ఏమీ లేదు, అది నిజం. చేతిలో లేనిదానికి మనిషి తప్పు మోయాలా?

నా స్నేహితుడు మోయనక్కర లేదంటాడు. మనం కావాలని చేసినామా అంటాడు. గాలిపటం దారం తెగి ఎవరింటి మీదనో పడితే ఎగరేసినవాణ్ని ఎవరూ ఏమీ అనరు కదా అంటాడు. చాలా రోజులు ఈ మాట నాకు బాగానే ఉండింది. తర్వాత ఆలోచిస్తే తేడా తెలిసింది. దారం తెగిన గాలిపటం తనంతట తానే సోలిపోయి దిగిపోతుంది. మేము చేసిన విమానానికి దారం తెగినా బలం పోదు. ఆ బలం పెట్టింది మేమే.

మా అవ్వకు కథంతా చెప్పినాను, ఫెయిల్‌సేఫ్ సంగతి తప్ప. ఆమె, "మీ తాత బండ్లో నిద్దరపోయినా ఎద్దులు ఇల్లు సేరుస్తా ఉండె. వాటికి బుద్ధి ఉండాది. మీ ఇమానానికి బుద్ధి యాడుండాది?" అన్నది. అవ్వకు తెలియకుండానే నా గుట్టు బయట పెట్టింది. విమానానికి బుద్ధి లేదు గాని, ఒక్క విషయంలో బుద్ధి చెప్పి పెట్టడానికి జాగా ఉంది. ఆ జాగాను నేను ఖాళీగా వదిలేసినాను. సిగ్నల్ పోయిన క్షణంలో నా చేతిలో ఏమీ లేదు, సరే. అరగంట ముందు అంతా నా చేతిలోనే ఉంది.

ఇంకొకటి. మోటారు ఆగేటట్లు పెడితే, సిగ్నల్ పోయిన వెంటనే విమానం దిగిపోతుంది. నాలుగు వారాలు కష్టపడి చేసింది విరిగిపోవచ్చు. ఆఖరి ఆజ్ఞ మీదనే పోనిస్తే, సిగ్నల్ మళ్లీ దొరికి విమానం దక్కుతుందేమోనని ఒక ఆశ. ఆ ఆశ ఎవరిది? నాది. ఆ లోపల విమానం ఎవరి మీద పోతుందో, ఆ ప్రమాదం ఎవరిది? కళ్లంలో రాగులు చెరుగుతున్న మనిషిది. ఆమెను ఎవరూ అడగలేదు. నేను ఇంత ఆలోచించి ఏదో ఒకటి ఎంచుకుని ఉంటే అది వేరే సంగతి. ఆలోచించకుండా వదిలేసినా, ఎంచుకున్నట్టే జరిగిపోయింది.

ముందటి ఆదివారం గురించి కూడా ఆలోచించినాను. ఆ రోజూ ఇదే రేడియో, ఇదే ఆంటెనా. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అయితే ఆ రోజు నేను మంచివాణ్ని, సంక్రాంతి సెలవుల్లో చెడ్డవాణ్ని అయిపోయినానా? నేను చేసింది రెండు రోజులూ ఒకటే. కానీ కుట్లు పడిన చెయ్యిని చూసినాక రెండూ ఒకటే అని చెప్పుకోవడానికి నోరు రాదు. ఈ ముడి నాకు ఇప్పటికీ విడలేదు.

తొమ్మిది రోజుల తర్వాత సారుకు నిజం చెప్పినాను. సారు కొట్టలేదు, తిట్టలేదు. కాసేపు గమ్మునుండి, "నేనూ కళ్లతో చూడకుండా నీ మాట పట్టుకుని వదిలేస్తిని, నాదీ తప్పే" అన్నారు. దీన్ని నేను ఒప్పుకోను. నమ్మినవాడిదీ తప్పే అయితే అబద్ధం చెప్పినవాడి భారం తగ్గిపోతుంది, అది న్యాయంగా లేదు. సారుతో ఆ మాటే అన్నాను. ఆయన, "అది సరే, ఆ అమ్మకు నేను చెప్పింది నీ మాట. దాన్ని దిద్దాల్సింది నువ్వే" అన్నారు.

మా అమ్మను తోడు తీసుకుని పోయినాను. ఆ అక్క వాకిట్లో కూర్చుని ఉంది. చెప్పినాను.

"అంటే అది ఆగేతట్ల ముందే సేసుండొచ్చునా?"

"చేసుండొచ్చు అక్కా."

"ఎంతసేపు పడతాది?"

"రెండు నిమిషాలు."

ఆమె అరచెయ్యి చూసుకుంది. "రెండు నిమిషాలు" అని ఒక్కసారి అన్నది. అంతే. లోపలినుంచి వాళ్ల అత్త వచ్చి మమ్మల్ని బాగా తిట్టింది. అమ్మ తల వంచుకుని నిలబడింది, నా వల్ల. ఆ తర్వాత అంగడి దగ్గర రెండు మూడుసార్లు కనపడినా ఆ అక్క నాతో మాట్లాడలేదు.

నా స్నేహితుడు దీనికీ నన్నే అన్నాడు. "నీ మనసు తేలిక చేసుకోవడానికి ఆమె మనసు బరువు చేసినావు. ఆమె ఎప్పుడో క్షమించేసింది కదా." ఈ మాటలో కొంచెం నిజం ఉంది, అందుకే నొప్పి పెట్టింది. నా జవాబు ఒకటే. అంగడివాడు పొరపాటున చిల్లర ఎక్కువిస్తే తిరిగి ఇచ్చేస్తాము. ఆమె సిగ్నల్‌ను క్షమించింది, నన్ను కాదు. అది నా దగ్గర ఉంచుకునేది కాదు. తిరిగి ఇచ్చినందుకు అంగడివాడు నన్ను మెచ్చుకోవాలని లేదు.

ఇప్పుడు క్లబ్బులో రెండో విమానం తయారయింది. ఆంటెనా తీగను కడ్డీకి దూరంగా పెట్టినాను. ఎగరేసే ముందు ప్రొపెల్లర్ విప్పి, మోటారు తిప్పి, ట్రాన్స్‌మిటర్ ఆపేస్తాము. మోటారు ఆగిందని చూసేది నేను కాదు, ఎనిమిదో క్లాసు తమ్ముడొకడు. చూసి నోటుబుక్కులో సంతకం పెడతాడు. పోయిన వారం వాడు సంతకం పెట్టకుండా పెన్ను పట్టుకుని అడిగినాడు: "అన్నా, మోటారు ఆగితే విమానం అక్కడే దిగుతుంది కదా. సరిగ్గా దాని కిందనే ఎవరన్నా ఉంటే?"

కట్ట వైపు పోనివ్వము, మనుషులు లేని చోటనే తిప్పుతాము అన్నాను. "ఆవులు తోలుకుని ఎవరన్నా వస్తే?" అన్నాడు. సారు వైపు చూసినాను. ఆయన నా వైపు చూసినారు. వాడి ప్రశ్నను నోటుబుక్కులో ఆ రోజు తేదీ కింద రాసి, జవాబుకు నాలుగు గీతలు వదిలిపెట్టినాము. ఇంకా ఖాళీగానే ఉన్నాయి.