చెరువు దాటిన డప్పు

రాయికల్ దిక్కున ఒక చెరువు. కట్ట కింద పెద్ద ఊరు, అవతలి ఒడ్డున చిన్న పల్లె. ఊరి నీరటి డప్పు కొడితేనే రైతుకు తన వంతు నీళ్లు వచ్చాయని తెలిసేది. ఆ హక్కు తాతల నాటిది. తమ చాటింపుకూ డప్పు కొట్టుకుంటామని పల్లెవాళ్లు పటేలును అడిగారు.

పటేలు మిట్టమధ్యాహ్నం పల్లెలో డప్పు కొట్టించి, కట్ట మీద నిలబడి విన్నాడు. ఏమీ వినపడలేదు. సరేనన్నాడు.

యాసంగి నాట్లప్పుడు, ఒక వేకువన, పల్లె డప్పు చల్లని నీటి మీదుగా ఊళ్లోకి ఖణేల్మని వచ్చింది. తమ వంతే అనుకుని ఇద్దరు రైతులు తూము తీశారు. నీళ్లు పోయాయి, కొట్లాట మిగిలింది.

పటేలు మండిపడి, ఇక పల్లెలో డప్పే మోగకూడదన్నాడు. ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం పశువుల డాక్టరు టీకాలకు వచ్చి పోయినా సగం ఇళ్లకు తెలియలేదు. ఆ మధ్యాహ్నం డప్పు కొట్టినా ఊరికి వినపడేదే కాదు.

అప్పుడు ముసలి నీరటి అన్నాడు: "పటేలా, రెండుసార్లూ అందాజ మీదనే తీర్పు చెప్పిండ్రు. ఒకసారి ధైర్యం ఎక్కువైంది, ఒకసారి భయం ఎక్కువైంది. ఈసారి అన్ని పూటలా చెవిని నమ్ముండ్రి."

అతని మనుమడు ఏడాది పొడుగునా కట్ట మీద కూర్చుని, ఏ పూట డప్పు ఎంత వినిపిస్తోందో గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టాడు. దాన్నిబట్టి కట్టుబాటు కుదిరింది: పగలు పల్లె గట్టిగా కొట్టుకోవచ్చు. చలికాలపు వేకువన మెల్లగా కొట్టాలి. ఊరి డప్పు మోగితే ఆపెయ్యాలి. ఆ తర్వాత తూము వంతు తప్పలేదు.

నీతి: తెలియని దానికి గుడ్డిగా ఒప్పుకున్నా నష్టమే, గుడ్డిగా అడ్డుపడ్డా నష్టమే. కొలిచి పంచుకోవాలి.

రేడియో తరంగాలకూ ఇదే న్యాయం. 738 కిలోహెర్ట్జ్ మీద హైదరాబాద్ ఆకాశవాణి మీడియం వేవ్ పగటికన్నా రాత్రి ఎంతో దూరం పోతుంది. అంచనా ఆరు డెసిబెల్స్ తప్పితే సిగ్నల్ పవర్ నాలుగు రెట్లు తప్పినట్టే. ఆ భయంతోనే టీవీ స్టేషన్ల చుట్టూ విశాలంగా హద్దులు గీస్తారు. 470-590 మెగాహెర్ట్జ్‌లోని 15 టీవీ ఛానళ్లలో 12 దేశంలో దాదాపు అన్నిచోట్లా ఖాళీయేనని ఐఐటీ బొంబాయి పరిశోధకులు 2014లో లెక్కతేల్చారు. ఆ ఖాళీలోనే మహారాష్ట్రలోని పాల్ఘర్ పల్లెలకు ఇంటర్నెట్ పంపి చూపారు. పాత హక్కుదారును కాపాడాల్సిందే. భయాన్ని కొలతతో ఎంత తగ్గిస్తే పల్లెకు అంత చోటు దొరుకుతుంది.