‘దేవుడే పంపెను’ అని చెప్పుటకు ముందు

ధ్యాన భాగములు: ఆదికాండము 12, మార్కు 7:9–13, యోహాను 19:25–27



మన సంఘములలో ఎవరైనను ఊరు విడిచి వెళ్లునప్పుడు ఇంట ప్రార్థన పెట్టించుకొనుట మన వాడుక. కుమారునికి చెన్నైలో పని దొరకినను, కుమార్తె కువైట్‌కు వెళ్లుచున్నను, సంఘ కాపరికి వేరొక ఊరి నుండి పిలుపు వచ్చినను, చాప పరచి కూర్చుండి ప్రార్థించుదుము. ఆ ప్రార్థనలో తప్పక వినబడు మాట ఒకటి ఉన్నది. “దేవుడే ఈ ద్వారము తెరచెను” అందుము. ఇది మంచి మాట. కాని బరువైన మాట. మనము తీసికొనిన నిర్ణయముపై దేవుని నామమును ముద్రగా వేయుచున్నాము. ముద్ర వేయుటకు ముందు పత్రములో ఏమి వ్రాసియున్నదో చదువుకొనుట న్యాయము గదా?

కాబట్టి ఈ నెల మనలను మనమే ఒక ప్రశ్న అడుగుకొందము. దేవుని నమ్మి నేను కదలుచున్నానని చెప్పునప్పుడు, ఆ కదలికకు వెల చెల్లించువారెవరు? నేనా, లేక నాతో కూడ నా ఇంటివారా?

మార్పు కాలములో దేవుని నమ్ముటకు మాదిరి ఎవరనగా మనము వెంటనే అబ్రాహాము పేరు చెప్పుదుము. అది సరియే. ఎక్కడికి పోవుచున్నాడో తెలియకయే అతడు బయలుదేరెనని హెబ్రీ పత్రిక సాక్ష్యమిచ్చుచున్నది. అయితే ఆదికాండము 12వ అధ్యాయమును సగములో ఆపకుడి, చివర వరకు చదువుడి. కరువు వచ్చి ఐగుప్తునకు దిగిపోవునప్పుడు ఆ విశ్వాసి ఏమి చేసెను? తన ప్రాణము కొరకు భయపడి, భార్యను చెల్లెలని చెప్పుమని శారాయిని బతిమాలెను. ఆమె ఫరో ఇంటికి కొనిపోబడెను. అబ్రామునకు గొఱ్ఱెలు, ఎడ్లు, ఒంటెలు దొరకెను. దేశమును గూర్చి దేవుని నమ్మినవాడు తన ప్రాణమును గూర్చి నమ్మలేకపోయెను. ఆ అపనమ్మకమునకు వెల చెల్లించినది అతడు కాదు, అతని భార్య. ఆమెను కాపాడినవాడు భర్త కాదు, దేవుడే.

పరిశుద్ధ గ్రంథము ఈ సంగతిని దాచలేదు. ఎందుకు దాచలేదు? గొప్ప పిలుపు పొందినవాడు సహా తన ఇంటివారి విషయమై తప్పిపోగలడని మనకు తెలియవలెనని. పిలుపు నిజమైనంత మాత్రమున ఆ ప్రయాణములో మనము చేయు ప్రతి పనియు దేవుని చిత్తము కాజాలదు.

ప్రభువైన యేసు ఈ విషయమును ఇంకను సూటిగా ముట్టెను. ఆ దినములలో కొందరు తలిదండ్రులకు పెట్టవలసిన దానిని ‘కొర్బాను’ అని, అనగా దేవునికి అర్పితమని చెప్పి, తల్లిదండ్రులకు ఏమియు చేయకుండ తప్పించుకొనుచుండిరి. మాట చూడబోతే ఎంతో భక్తిగల మాట. కాని ఆ భక్తి మాట చాటున ఒక ముసలి తల్లి ఆకలితో కూర్చున్నది. ప్రభువు వారిని మెచ్చుకొనలేదు. దేవుని ఆజ్ఞనే రద్దుచేయుచున్నారని గద్దించెను. నేడు ‘కొర్బాను’ అనువారు లేరు. “దేవుని చిత్తము” అనువారము మనమున్నాము. మాట మారినది గాని ఆ చాటు మారలేదేమోయని ప్రతివాడును తన్ను తాను పరీక్షించుకొనవలెను.

మన పల్లెలలో ఒక పెద్దమ్మ నాతో అనిన మాట ఈ సందర్భమున చెప్పుట మంచిది. ఆమె కుమారుడును కోడలును పనికై దూర దేశమునకు వెళ్లిరి. ఓదార్పుగా నేను దేవుడు వారిని నడిపించుచున్నాడని చెప్పగా, ఆమె నెమ్మదిగా, “దేవుడే నా బిడ్డను పంపించాడంటా ఉండారు అయ్యా, సంతోషమే. మరి నాకు గంజి కాచే మనిషిని గూడా ఆయనే చూపించి ఉండాలి గదా?” అని అడిగెను. ఆ ప్రశ్నలో అవిశ్వాసము లేదు. దేవుడు పంపినది నిజమైతే, పంపినవాడు మిగిలినవారిని మరచిపోడు. ఆయన మరువని వారిని మనము మరచిన యెడల, మరచినది ఆయన కాదు, మనమే.

ఇక్కడ కొందరు అడ్డు చెప్పవచ్చును. “అయ్యగారూ, తండ్రినైనను తల్లినైనను తనకంటె ఎక్కువగా ప్రేమించువాడు తనకు పాత్రుడు కాడని ప్రభువే చెప్పెను గదా! ఇంటిలోని అందరిని అడిగి కదలవలెనన్న యెడల ఎవడును కదలడు” అందురు. మంచి ప్రశ్నయే. మత్తయి 10లోని ఆ మాటను మనము తగ్గించకూడదు. అయితే ఆ మాట పలికిన ప్రభువు సిలువమీద ఏమి చేసెనో చూడుడి. లోకమంతటి రక్షణ కార్యము ఆయన భుజములమీద నున్న గడియలో, తల్లి యెదుట నిలువబడియుండుట చూచి, ఆమెను తన ప్రియ శిష్యునికి అప్పగించెను. ఆ గడియ నుండి అతడు ఆమెను తన ఇంట చేర్చుకొనెను. తండ్రి చిత్తము నెరవేర్చుటను ఆయన మానుకొనలేదు. తల్లికి ఏర్పాటు చేయుటను మరచిపోనూ లేదు. ప్రభువును ఎక్కువగా ప్రేమించుట వేరు, మనవారిని తక్కువగా చూచుట వేరు. మొదటిది శిష్యత్వము. రెండవది మన స్వంత సౌఖ్యమునకు శిష్యత్వపు వస్త్రము తొడుగుట.

ఈ సంగతులు మన మిషను చరిత్రలోనే కానవచ్చును. శామ్యూల్ డే దొరగారు 1836లో కలకత్తాలో దిగిరి. విశాఖపట్టణము, శ్రీకాకుళము, మద్రాసు తిరిగి 1840లో నెల్లూరు చేరిరి. ఆరోగ్యము చెడి 1846లో అమెరికాకు వెళ్లవలసి వచ్చెను. అప్పుడు కొంతకాలము నెల్లూరులో ఒక్క మిషనెరీయు లేడు. స్థానిక సహాయకులే దీపము ఆరిపోకుండ చూచుకొనిరి. 1848లో డే దొరగారు భార్యాపిల్లలను అమెరికాలోనే ఉంచి, జూయెట్ దంపతులతో కూడ మరల ఓడ ఎక్కిరి. 1853లో ఆరోగ్యము మరల చెడగా శాశ్వతముగా తిరిగి వెళ్లిరి. 1871లో మరణించిరి.

ఆయన చేసినది ఒప్పా తప్పా అని తీర్పు తీర్చుట నా పని కాదు. కాని ఒక మాట న్యాయముగా చెప్పవలెను. తండ్రి లేకుండ గడిపిన ఆ పిల్లలును, సముద్రమునకు ఆవలి ఒడ్డున ఒంటరిగా ఇల్లు నడపిన ఆ తల్లియు మన రక్షణ సువార్తకు వెల చెల్లించినవారే. చరిత్రలో ఆయన పేరు వినబడినంతగా వారి పేర్లు వినబడవు. దేవుని గ్రంథములో అట్లుండదని నమ్ముచున్నాను. మనము కృతజ్ఞత చెల్లించునప్పుడు వెళ్లినవారినే గాక, వెనుక మిగిలి భారము మోసినవారిని కూడ తలంచుకొనుట మన ధర్మము.

ఇక పని సగములో ఆగిపోయిన సంగతి చూడుడి. ఫలము తక్కువని 1853లో అమెరికాలోని ఆల్బనీ పట్టణములో జరిగిన సభలో తెలుగు మిషనును మూసివేయుటను గూర్చి చర్చ జరిగెను. మూయలేదు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండమీద అయిదుగురు ప్రార్థించిరి. జూయెట్ దొరగారు, దొరసానిగారు, వారితో ముగ్గురు తెలుగువారు: క్రిస్టియన్ నరసు, జూలియా, రూతు. ఒంగోలుకు ఒక సేవకుని పంపుమని వారు అడిగిరి. సేవకుడు ఎప్పుడు వచ్చెను? 1866లో. పండ్రెండు ఏండ్లు గడచెను! ఈ మధ్యలో జూయెట్ దొరగారే ఆరోగ్యము చెడి 1862లో స్వదేశమునకు వెళ్లిరి. మిషనును మూసివేయుదుమన్న మాట అక్కడ మరల లేచెను. ఒంటరిగానైనను తాను తిరిగి వెళ్లుదునని ఆయన పట్టుబట్టిరి. 1865లో ఆయనతో కూడ వచ్చినవారే క్లౌ దొరగారు. 1876–78 కరువు తరువాత, 1878 జూలై 3న, గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అప్పటికి డే దొరగారు మరణించి ఏడేండ్లు. విత్తినవాడు కోతను చూడలేదు. మోషే కూడ ఆ దేశమును కొండమీద నుండి చూచెనే గాని అందులో ప్రవేశించలేదు.

మన అల్లూరు 1873లో మిషను స్టేషను ఆయెను. నాటి నుండి ఎందరు సేవకులు వచ్చిరి, ఎందరు వెళ్లిరి! అయినను ఆదివారము గంట ఆగలేదు. వచ్చి వెళ్లినవారి వలన మాత్రమే కాదు, ఇక్కడనే ఉండి, వరి నాట్లు వేసి, బిడ్డలకు వాక్యము నేర్పి, మందిరము ఊడ్చినవారి వలన కూడ సంఘము నిలిచినది. గెరాసేనుల దేశములో స్వస్థత పొందినవాడు తానును యేసుతో వచ్చెదనని బతిమాలగా, ప్రభువు అతనిని ఓడ ఎక్కనీయక, తన ఇంటివారి యొద్దకే వెళ్లుమని పంపెను. కాబట్టి ఇంటివద్ద నిలుచుట కూడ పంపబడుటయే. ఊరు విడిచినవానికే పిలుపు ఉన్నదనియు, ఉండిపోయినవాడు వెనుకబడిన వాడనియు ఎవరును తలంచవద్దు.

మన ఊరికి తూర్పున బకింగ్‌హాం కాలువ ఉన్నది. కరువు కాలములో క్లౌ దొరగారు అందులో మూడున్నర మైళ్ల తవ్వకపు పనిని గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించిరి. పడవలు తిరిగిన దినములలో ఆ కాలువ మీద అక్కడక్కడ లాకులుండెడివి. పడవ లాకులోనికి వచ్చిన తరువాత వెనుక తలుపు మూయబడును, ముందు తలుపు ఇంకను తెరువబడదు. నీరు సమమగు వరకు పడవవాడు వేచియుండవలసినదే. తెడ్డు వేసినను లాభము లేదు, తలుపును గ్రుద్దినను లాభము లేదు. మన జీవితములలోని మార్పు కాలము అట్టిది. పాత ఇల్లు విడిచితిమి, క్రొత్త ఊరు ఇంకను మనది కాలేదు. అయితే పడవలో ఉన్నది మనమొక్కరమే కాదని మరువకూడదు. భార్య ఉన్నది, బడి మారవలసిన బిడ్డలున్నారు, మందులు వేసికొను అత్తగారున్నారు. వేచియుండు సమయములో వారితో మాటలాడుటకే దేవుడు ఆ వ్యవధి ఇచ్చెనేమో!

కాబట్టి ఈ కొన్ని మాటలు మీ ఎదుట ఉంచుచున్నాను.

మొదటిది, నిర్ణయము తీసికొనిన తరువాత ప్రార్థన పెట్టించుట కాదు, తీసికొనుటకు ముందు ఇంటిల్లిపాదిని కూర్చుండబెట్టి అడుగుడి. ఇంటివారిని అడుగుట అవిధేయత కాదు. వెల ఎంతో తెలిసికొని, దానిని కలిసి మోయుటకే అడుగుదుము. నేను చెల్లించినది త్యాగము. ఎదుటివానిని అడుగక వానిచేత చెల్లింపజేసినది త్యాగము కాదు.

రెండవది, దూరము వెళ్లు బిడ్డలారా, డబ్బు పంపుటతో బాధ్యత తీరదు. అమ్మకు జ్వరము వచ్చిన రాత్రి ఆసుపత్రికి ఎవరు తీసికొని పోవుదురో, ఆ మనిషి పేరు మీకు తెలిసియుండవలెను. యోహాను ఉండెను గనుక మరియ నిరాధారముగా మిగిలిపోలేదు. మీ తల్లికి యోహాను ఎవరు? ఎవరును లేని యెడల సంఘ పెద్దలారా, ఆ యోహాను మీరే కావలెను.

మూడవది, స్థలము మారు కాపరులు సభ్యుల పట్టిక, బాప్తిస్మపు రిజిష్టరు, కానుకల లెక్కలు సరిచూచి, పెద్దల యెదుట అప్పగించి వెళ్లవలెను. మంచమున పడియున్న వారి పేర్లు క్రొత్త కాపరికి నోటితో చెప్పవలెను. వెళ్లిన తరువాత పాత సంఘపు వ్యవహారములలో చేయి పెట్టరాదు. క్రొత్తగా వచ్చినవాడు ముందున్నవాని పనిని తక్కువ చేయరాదు. ఒకడు నాటెను, ఒకడు నీరు పోసెను, వృద్ధి కలుగజేయువాడు దేవుడే. సంఘస్థులారా, క్రొత్త అయ్యగారిని పాత అయ్యగారితో పోల్చి బాధపెట్టకుడి. ఆయన భార్యకు మన ఊరిలో ఇంకను స్నేహితురాలు లేదు, ఆయన బిడ్డలకు ఆటగాండ్రు లేరు. మొదటి వారములోనే వారి ఇంటికి వెళ్లి పలుకరించుడి.

నాల్గవది, ఏడ్చుటకు సిగ్గుపడకుడి. ఎఫెసు పెద్దలు పౌలు మెడమీద పడి ఏడ్చిరి. తూరులో స్త్రీలును పిల్లలును ఊరి వెలుపలికి వచ్చి, సముద్రపు ఒడ్డున మోకాళ్లూని అతనితో ప్రార్థించిరి. పౌలు వారిని అల్పవిశ్వాసులని అనలేదు. విశ్వాసమనగా నొప్పి లేకపోవుట కాదు. నొప్పిలో కూడ మనవారిని, మన పనిని దేవుని చేతికి అప్పగించుట, అప్పగించి మన వంతు చేయుటయే విశ్వాసము.

ఇంతవరకు చేసిన పిమ్మట, అప్పుడు ధైర్యముగా “దేవుడే పంపెను” అని చెప్పుడి. ఆ మాట విని వెళ్లువాడు బలపడును. వాకిట నిలిచి చూచు ముసలి తల్లి కూడ హృదయపూర్వకముగా ఆమేన్ అనగలుగును. ఆమె అనలేని ఆమేన్ మన ప్రార్థనకు లోటే.

ప్రార్థన: ప్రభువా, వెళ్లువారికి తోడైయుండుము. నిలుచువారిని మరువనీయకుము. మా స్వంత కోరికలకు నీ నామము పెట్టకుండ మమ్మును కాపాడుము. నీ తల్లిని నీవు చూచినట్లు మావారిని చూచుటకు మా కన్నులు తెరువుము. ఆమేన్.