కొనగలిగినదానిని కుట్టనేల?



ఆశ్వయుజము వెళ్లి కార్తికము వచ్చినది. తెల్లవారుజామున కాలువగట్టు మీద మంచు కనబడుచున్నది. వరిచేలలో కలుపుతీతలు ముగిసినవి. కోతలకు ఇంకను వ్యవధి యున్నది. మన నందివెలుగులోను, తెనాలి చుట్టుప్రక్కల ఊళ్లలోను ఈ నడిమి దినములే బొంతలు కుట్టు దినములు. పాత నేత చీరలు నాలుగైదు ఉతికి, ఎండబెట్టి, చాప మీద ఒకదానిపై నొకటి పరతురు. ముడుత లేకుండ సవరించి నాలుగు మూలల ఇటుకలు పెట్టుదురు. చిరుగు ఉన్నచోట మాసిక వేయుదురు. పిమ్మట ఇద్దరు ముగ్గురు స్త్రీలు చుట్టు కూర్చుండి, అంచు మొదలుకొని వరుస వెంబడి వరుసగా టాకాలు వేయుచు పోవుదురు. ఒకప్పుడు ప్రతి అరుగు మీద కనబడిన యీ పని ఇప్పుడు ఎక్కడనో ఒకచోట మాత్రమే కనబడుచున్నది.

గత సంవత్సరము యౌవనుల కూటములో ఒక పిల్లవాడు లేచి నన్ను ఇట్లు అడిగెను: "అయ్యగారూ, తెనాలి బజారుకు వెళితే అరగంటలో మంచి దుప్పటి దొరుకుతుంది. మా అమ్మ నెల రోజులు నడుము వంచి, కళ్లు కాయలు కాచేలా బొంత ఎందుకు కుట్టాలి?"

కూటములో కొందరు నవ్విరి. నేను నవ్వలేదు. అది మంచి ప్రశ్న. పాతది గనుక మంచిదని చెప్పుట జవాబు కాదు. దుప్పటి కొనుట పాపము కాదు. దానిని నేసినవాడును చెమటోడ్చినవాడే. తల్లి కన్నులకు విశ్రాంతి కోరుట కుమారునికి తగిన పనియే. అట్లయిన, కొనగలిగినదానిని కుట్టుటలో ఏమైన మేలు కలదా? ఆనాడు నేను వెంటనే చెప్పలేకపోయితిని. ఈ సంగతిని మీతో కలిసి ఆలోచింప గోరుచున్నాను.

మొదట నా తప్పు ఒకటి ఒప్పుకొందును. నేను వేదాంత విద్యకు బయలుదేరినప్పుడు మా అమ్మ నాకొక బొంత కుట్టి పెట్టెలో పెట్టెను. మా నాన్నగారి పంచెలు, ఆమె చీరలు కలిపి కుట్టినది అది. వసతి గృహములో తోటి విద్యార్థులు షోలాపూరు దుప్పట్లు కప్పుకొనుచుండిరి. నేను సిగ్గుపడి బొంతను పెట్టె అడుగున దాచి, మొదటి చలికాలమంతయు ఒక పంచె కప్పుకొని వణకితిని. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ, "చలి ఆగిందా అబ్బాయీ?" అని అడిగెను. "ఆగిందమ్మా" అని అబద్ధమాడితిని. దేవుని వాక్యము నేర్చుకొన వెళ్లినవాడు తల్లితో చెప్పిన మాట అది!

ఆమె ప్రభువునందు నిద్రించిన తరువాత ఒక దినమున ఆ బొంతను విప్పి చూచితిని. అది మామూలు బొంతకంటె జానెడు పొడవుగా నుండెను. కాళ్లవైపున మరియొక పొర చేర్చి దగ్గర దగ్గరగా టాకాలు వేసియుండెను. చిన్ననాటినుండి నేను ముసుగు తల మీదికి లాగుకొని పండుకొందును; నా పాదములు బయట పడును. అది ఎరిగినవారు లోకములో ఒక్కరే. ఆమె ఆ కొలతతో కుట్టెను. ఏ బజారులోను నా పాదముల సంగతి ఎరిగిన దుప్పటి లేదు.

1 సమూయేలు 2వ అధ్యాయములో హన్నా తన కుమారునికి ఏటేట ఒక చిన్న అంగీ కుట్టి షిలోహుకు తీసికొని వెళ్లినట్లు చదువుచున్నాము. దానిని మనము త్వరత్వరగా చదివి దాటిపోవుదుము. కొంచెము నిలిచి చూడుడి. బిడ్డ మందిరములో ఏలీ యొద్ద నున్నాడు; తల్లి రామాలో నున్నది. ఎదుట లేని బిడ్డకు ఆమె అంగీ ఎట్లు కత్తిరించును? ఈపాటికి భుజము ఎంత పెరిగియుండునో, చేయి ఎంత సాగియుండునో మనస్సులో కొలిచి కత్తిరింపవలెను. ఆ కొలత కొరకు ఆమె సంవత్సరమంతయు వానిని తలంచియుండవలెను. కుట్టుటలో ఉన్న మేలు ఇక్కడ మొదటిసారి నాకు తెలిసినది. కొన్నది ఎవరికైన సరిపోవునట్లు చేయబడినది. కుట్టినది ఒకరికి సరిపోవునట్లు చేయబడినది. ఒకరికి సరిపోవునట్లు చేయవలెనంటే ఆ ఒకరిని ఎరుగవలెను.

అయితే ఇది కన్నబిడ్డల విషయమే గదా, సంఘములోని బీదల విషయమేమని మీరు అడుగవచ్చును. దీనికి నా రెండవ తప్పు చెప్పవలెను.

కొన్ని సంవత్సరముల క్రిందట క్రిస్మసుకు ముందు మేము చందాలు పోగుచేసి విధవరాండ్రకు దుప్పట్లు కొని పంచితిమి. నేను పేరు పిలుచుట, వారు వచ్చి అందుకొనుట. అరగంటలో పని ముగిసినది. ఎంతో తృప్తితో ఇంటికి పోతిని. పండుగ దాటిన తరువాత ఒక వృద్ధురాలి యింటికి ప్రార్థనకు వెళ్లితిని. మేమిచ్చిన దుప్పటి మడతపెట్టి ఆమె తలక్రింద నుండెను. ఆమె కప్పుకొన్నది చిల్లులు పడిన పాత చీర. "ఏమమ్మా, దుప్పటి బాగుండలేదా?" అంటిని. "మంచి దుప్పటే అయ్యగారూ. నా భుజాలు పడిపోయినాయి గదా, ఆ బరువు ఎత్తి ఇటు తిరగలేను, అటు తిరగలేను" అనెను.

ఆమె భుజముల నొప్పి కొరకు నేను ఎన్నిసార్లు ప్రార్థించియుంటినో! కాని ఇచ్చునప్పుడు ఆ భుజములు నాకు జ్ఞాపకము రాలేదు. నేను దుప్పట్లు లెక్కపెట్టితిని గాని మనుష్యులను చూడలేదు.

ఆ మాట మా స్త్రీల సమాజములో చెప్పితిని. ముగ్గురు స్త్రీలు మూడు మెత్తని నేత చీరలు తెచ్చిరి. వృద్ధురాలు తన పెట్టెలోనుండి నాల్గవది తీసి ఇచ్చెను. తానును కుట్టుదునని పట్టుపట్టినందున పని ఆమె వాకిటనే జరిగెను. బడినుండి వచ్చిన పిల్లలు సూదులలో దారము ఎక్కించి యిచ్చుచుండిరి. తొమ్మిది మధ్యాహ్నములలో తేలికయైన బొంత యొకటి సిద్ధమాయెను. అయితే అంతకంటె గొప్ప సంగతి మూడవ దినముననే జరిగెను. చేతులు కుట్టుచుండగా నోరు మాటలాడును. ఆ మాటలలో, రాత్రిపూట ఆమె పొయ్యి వెలిగించుట లేదని తెలిసెను. తొమ్మిదేండ్లుగా ఆమెకు కాపరిగా నున్న నాకు తెలియని ఆకలి, మూడు దినములు ప్రక్కన కూర్చుండి కుట్టినవారికి తెలిసెను! నాటినుండి వంతుల చొప్పున ఒక్కొక్క యింటినుండి ఆమెకు రాత్రి భోజనము వెళ్లెను.

అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయములోని దొర్కాను జ్ఞాపకము చేసికొనుడి. ఆమె మాటలాడిన మాట ఒక్కటియు గ్రంథములో లేదు. ఆమె చనిపోయినప్పుడు యొప్పేలోని విధవరాండ్రు పేతురుకు చూపినవి ఆమె తమతో నుండగా చేసిన అంగీలును వస్త్రములును. ఆమె ఎంత ధర్మము చేసినదో వారు లెక్క చెప్పలేదు. బట్టలు చూపి ఏడ్చిరి. ప్రతి అంగీ ఒక్కొక్కరి కొలతకు కుట్టినదై యుండును. కాబట్టి ఆమె ఒక్కొక్కరి యెదుట నిలిచి కొలిచియుండవలెను. వారు పోగొట్టుకొన్నది బట్టలిచ్చు చేతిని మాత్రమే కాదు, తమ కొలత ఎరిగిన మనిషిని.

పాత బట్టతో చేసినది ఇచ్చుట దేవునికి తగునా అని కొందరికి సందేహము కలుగవచ్చును. తనకు వెల లేనిదానిని దేవునికి అర్పించనని దావీదు అరౌనా కళ్లము నొద్ద చెప్పెను గదా. సూదికి నిలువని చింకిని, ఇంట చోటు లేక పారవేయదలచినదానిని ధర్మమని ఇచ్చినయెడల అది దావీదు నిరాకరించిన అర్పణమే. కాని బొంతలో గుడ్డకు వెల లేకపోయినను టాకాకు వెల యున్నది. ఆ వెల వ్రేళ్లును, కన్నులును, మధ్యాహ్నములును చెల్లించును.

మన పొరుగు రాష్ట్రమైన కర్ణాటకలో, ఉత్తర కన్నడ జిల్లా అడవి గ్రామములలో సిద్దీలను జనులు కలరు. వారి పితరులు ఆఫ్రికానుండి వచ్చినవారు. వారిలో క్రైస్తవులును, హిందువులును, మహమ్మదీయులును కలరు. వారి స్త్రీలు పాత బట్టల ముక్కలతో కవంది యను బొంత కుట్టుదురు. అంచున మొదలుపెట్టి చుట్టును తిరుగుచు నడిమికి వత్తురు. చివర నాలుగు మూలల మడతపెట్టిన గుడ్డతో పువ్వులు కుట్టుదురు. ఆ పువ్వులవలన వెచ్చదనము పెరుగదు. అవి లేనిది బొంత పూర్తికాదని వారి తలంపు. బీదవారికి చలి తీరిన చాలునని మనమనుకొందుము. పువ్వు కూడ కావలెనని ఆ బీద స్త్రీలు మనకు నేర్పుచున్నారు.

1842లో గుంటూరునకు హయ్యరు దొరగారిని పంపిన అమెరికా లూథరన్ సంఘముల స్త్రీలు నేటికిని దేవాలయపు గదులలో కూడి బొంతలు కుట్టుచున్నారు. 1945లో ఏర్పడిన లూథరన్ వరల్డ్ రిలీఫ్ ద్వారా అవి యుద్ధములవలనను వరదలవలనను ఇండ్లు కోల్పోయినవారికి వెళ్లుచున్నవి. ఒక్కొక్కటి ఐదడుగుల వెడల్పు, ఆరడుగుల ఎనిమిది అంగుళముల పొడవు. తాము చూడనివారి కొలత వారికి తెలియదు. అయినను మనిషి నిండుగ కప్పుకొను కొలత పెట్టుకొని కుట్టుచున్నారు. దూరపు వారికి అంతవరకే సాధ్యము. ప్రక్క వీధి వారికి మనము ఇంతకంటె ఎక్కువ చేయవలెను.

ఇక్కడ రెండు హెచ్చరికలు చెప్పకుండిన నేను సగము సత్యమే చెప్పినవాడనగుదును.

మొదటిది: చలి మనము కుట్టువరకు ఆగదు. 1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన కృష్ణా గుంటూరు తీరములను కొట్టినప్పుడు నేను పసివాడను. పది వేలమందికి పైగా ప్రాణములు పోయినవి. మిగిలినవారికి ఆ రాత్రియే పొడి బట్ట కావలెను. అట్టివేళ బొంత కుట్టుచు కూర్చుండువాడు, వట్టి మాటతో వెచ్చగానుండుమని పంపివేయువానిని గూర్చి యాకోబు పలికిన గద్దింపునకు పాత్రుడగును. అప్పుడు కొనుడి, అప్పు చేసియైనను కొనుడి. బీదవాని కప్పుబట్ట కుదువకు తీసికొనినయెడల సూర్యుడు అస్తమింపకముందే తిరిగి ఇయ్యవలెనని నిర్గమకాండము 22వ అధ్యాయమున దేవుడు విధించెను. రాత్రి వాడు దేనిలో పండుకొనునని దేవుడే అడుగుచున్నాడు.

రెండవది: ప్రేమతో కుట్టునది వేరు, జీవనమునకు కుట్టునది వేరు. పశ్చిమ గోదావరిలో నర్సాపురము, పాలకొల్లు ప్రాంతములలో మిషనరీలు 19వ శతాబ్దములో నేర్పిన లేసు అల్లిక వేలకొలది స్త్రీలకు జీవనమాయెను. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడ వచ్చినది. కాని మరియా మీస్ అను జర్మను పండితురాలు 1982లో ప్రచురించిన గ్రంథములో ఒక చేదు సంగతి చూపెను. అది ఇంటి స్త్రీల తీరిక వేళ పని యని పేరు పెట్టి, గంటలకొలది అల్లినవారికి కనీస వేతనముకంటె ఎంతో తక్కువ ఇచ్చుచుండిరి. తల్లి కుమారునికి ఊరక కుట్టును. అది ఆమె ఇష్టము. ఆ ఇష్టమును చూపి వర్తకుడు కూలి తగ్గించుట దొంగతనము. చెల్లించని కూలి మొఱ్ఱపెట్టునని యాకోబు పత్రికయే చెప్పుచున్నది. కాబట్టి మీ పొరుగు స్త్రీచేత బొంత కుట్టించుకొనువారలారా, బేరమాడకుడి. నిండు కూలి ఇయ్యుడి.

కూటములో అడిగిన పిల్లవానికి ఇప్పుడు నా జవాబు ఇది: నాయనా, చలి తీర్చుటకైతే కొనవచ్చును. చలిలో నున్నవారిని ఎరుగుటకైతే కూర్చుండవలెను. కుట్టుట మనలను కూర్చుండబెట్టును. నీ తల్లి నడుము నొచ్చుచున్నదని నీకు దుఃఖమా? మంచిదే. ఆమెను మానుమని చెప్పక, నీవు ప్రక్కన కూర్చుండి సూదిలో దారము ఎక్కించుము. పౌలు అకులతో కూడ డేరాలు కుట్టినవాడే. మగవానికి సూది సిగ్గు కాదు. బొంత కప్పుకొన్నప్పుడు, నేను చెప్పిన అబద్ధము చెప్పవలసిన పని నీకు రాకుండునట్లు, ఆమె బ్రతికియుండగానే, "అమ్మా, వెచ్చగా ఉంది" అని నిజముగా చెప్పుము.

సహోదరీ సహోదరులారా, కోతలు రాకముందు మీ వీధిలో ఒక్క గుమ్మము ఎన్నుకొనుడి. అక్కడ నున్నవారు రాత్రి ఏమి కప్పుకొనుచున్నారో, ఏమి తినుచున్నారో అడుగుడి. వారి వాకిటనే చాప పరచుడి. మన తలవెండ్రుకలు సయితము లెక్కించియున్న ప్రభువు, మన పొరుగువాని కొలత మనకు తెలియజేయును గాక. ఆమేన్.