పుచ్చుకొనేవారి ధర్మం

దానం చేసేవారి ధర్మాన్ని గురించి మన పెద్దలు ఎంతో చెప్పినారు. పుచ్చుకొనేవారి ధర్మాన్ని గురించి మనం అంతగా ఆలోచించము. గోచరికి వచ్చిన సాధువు ఒక్క ఇంటనే పాత్ర నింపుకొనక, ఆ ఇంటివారికి లోటు రాకుండా కొంచెమే స్వీకరించడం మాత్రం అందరమూ చూచినదే. ఇచ్చేవారు చేయి చాచి ఇస్తున్నప్పుడు కూడా, ఎంత పుచ్చుకోవాలి అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. వైద్యశాస్త్రానికి ఈ ప్రశ్న ఒక జబ్బు విషయంలో ఎదురైనది.

ఆ జబ్బు ఊపిరితిత్తుల రక్తపోటు. చేతికి పట్టీ చుట్టి చూచే రక్తపోటు కాదిది. ఊపిరితిత్తులలోని సన్నని రక్తనాళాల గోడలు మందమై దారి ఇరుకైపోతుంది. ఆ ఇరుకుదారిలో రక్తాన్ని తోయవలసినది గుండెలోని కుడి భాగం. అది మొదట కండ పెంచుకొని పెనుగులాడుతుంది. తరువాత సాగి, నీరసిస్తుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, కాళ్లకు వాపు, కొందరికి స్పృహ తప్పడం. ఈనాడు మంచి మందులు వచ్చినవి. వాటికి లొంగనివారికి ఊపిరితిత్తుల మార్పిడి ఒక్కటే దారి.

1981 మార్చి 9న అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ రైట్జ్, నార్మన్ షమ్‌వే అనే వైద్యులు ఈ జబ్బుతో ఉన్న 45 ఏళ్ల స్త్రీకి ఒకే దాత గుండెను, రెండు ఊపిరితిత్తులను కలిపి అమర్చినారు. ఆమె ఐదేళ్లు జీవించినది. 1963లో జేమ్స్ హార్డీ మిసిసిపీలో ఒక ఊపిరితిత్తిని మార్చినప్పుడు రోగి 18 రోజులే బ్రతికినాడని తలచుకొంటే ఇది ఎంతటి ముందడుగో తెలుస్తుంది. గుండె కూడా చెడినది గదా, దానినీ మార్చవలసినదే అన్నది నాటి ఆలోచన. తెలిసినంతలో అది న్యాయమే.

కాని పోను పోను మరొక సంగతి బయటపడినది. ఊపిరితిత్తులను మాత్రమే మార్చినా, అలసిన కుడి గుండె చాలామందిలో తనంతట తానే కోలుకొన్నది. బరువు దింపిన ఎద్దు తేరుకొన్నట్లు. అందుచేత ఇప్పుడు ఈ రోగులలో ఎక్కువమందికి రెండు ఊపిరితిత్తులే మార్చుతున్నారు. గుండెలో సరిచేయరాని లోపం ఉన్నవారికే గుండెను కూడా కలిపి మార్చుతారు. మిగిలిన దాత గుండె, గుండె కోసమే ఎదురుచూస్తున్న మరొకరికి పోతుంది.

ఇది ఖర్చు లేని త్యాగమని భ్రమపడరాదు. పాత గుండె కొత్త ఊపిరితిత్తులకు అలవాటు పడే మొదటి దినాలు గండం వంటివి. కొందరిని ఆ రోజులలో రక్తానికి ప్రాణవాయువు అందించే యంత్రంపై ఉంచవలసి వస్తుంది. మంచం ప్రక్కన కూర్చున్న తల్లి “దొరికినదంతా పెట్టండి” అంటే, అది అత్యాశ అనడానికి ఎవరికి నోరు వస్తుంది? సరుకు దొరికినప్పుడే గోదాము నింపుకొనే అలవాటు వర్తకులకు క్రొత్త గాదు. అయితే అక్కడ కదిలించేది లాభం, ఇక్కడ భయం. భయంతో పట్టుకొన్నది కూడా పరిగ్రహమే. దాని బరువు పడేది మాత్రం ఆ తల్లి ఎన్నడూ చూడని మరొక ఊరి మంచం మీద.

పరుని మరణం కోసం కాచుకొని ఉండడమే హింస గదా అని అడిగేవారున్నారు. రోగి కోరేది ఊపిరిని. మరణం అతని కోరికవల్ల రాలేదు, కోరిక మానితే ఆగేదీ కాదు. మెదడు కాండం పూర్తిగా చనిపోయినదని వైద్యుల బృందం నిర్ధారించి, బంధువులు సమ్మతించిన మీదటనే అవయవాలు తీయాలని మనదేశంలో 1994 నాటి చట్టం విధించినది. అయినా ఫోను మ్రోగిన రాత్రి, ఎక్కడో ఒక ఇల్లు ఏడుస్తున్నదని అతనికి తెలుసు. ఆ ఇంటికి అతడు తిరిగి ఇవ్వగలిగినది ఏమీ లేదు. పుచ్చుకొనేటప్పుడు కొలత పాటించడం ఒక్కటే అతని చేతిలో, అతని వైద్యుల చేతిలో ఉన్నది.

ఆ రాత్రి ఒకే గది నుండి మంచులో పెట్టిన రెండు పెట్టెలు బయలుదేరుతాయి. గుండెకు గడువు సుమారు నాలుగు గంటలు, ఊపిరితిత్తులకు ఆరు. ఆసుపత్రి వాకిట ఒక బండి ఇటు, ఒక బండి అటు తిరుగుతుంది.