ముద్ర పడినంత మాత్రాన హలాల్ అవుతుందా?

ఉపాధి కోసం ఊరు విడిచి గల్ఫ్ దేశాల్లో ఉంటున్న మన సోదరులకు ఏదో ఒకనాడు నోటరీతో పని పడుతుంది. ఇంటి అమ్మకం, ఆస్తి పంపకం, బ్యాంకు వ్యవహారం, ఏదైనా సరే, మనిషి అక్కడ, ఆస్తి ఇక్కడ. అందుకని నమ్మకస్తుడి పేర ముఖ్తార్‌నామా (పవర్ ఆఫ్ అటార్నీ) రాసి పంపుతారు. చూడటానికిది మామూలు కాగితం పనే. కాని ఇందులో సాక్ష్యం ఉంది, అమానతు ఉంది, తోటివారి హక్కు ఉంది.

ఇటీవల సెలవు మీద వచ్చిన ఒక సోదరుడు మమ్మల్ని కలిశాడు. తల్లిదండ్రులు గతించారు. ఇల్లు అమ్మడానికని అన్నయ్య ఊరి నుంచి ఒక పత్రం తయారుచేయించి పంపాడు. ఇతను డ్యూటీకి ఒక పూట సెలవు పెట్టి, అధికారి ఎదుట సంతకం చేసి, ముద్ర వేయించి పంపేశాడు. అందులో “మేమిద్దరమే వారసులం” అని ఉన్నట్లు తర్వాత తెలిసింది. ఇల్లు అమ్ముడుపోయింది. డబ్బు అన్నదమ్ములు చెరి సగం పంచుకున్నారు. చెల్లెలికి ఒక్క రూపాయి రాలేదు. “మౌలానా! ప్రభుత్వ ముద్ర పడిన కాగితం గదా, తప్పు నాదెలా అవుతుంది?” అని అతను అడిగాడు.

సోదరులారా! ఈ ప్రశ్న ఒక్క అతనిది కాదు.

పత్రం రాసుకోవటం ధర్మం నేర్పిన పద్ధతే. దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయతు అల్ బఖరా సూరాలోని 282వది. అది అప్పు పత్రాన్ని గురించినది. న్యాయంగా రాసే లేఖకుడు ఉండాలనీ, బాధ్యత ఎవరిపై ఉందో అతనే చెప్పి రాయించాలనీ, సాక్షులుండాలనీ అందులో ఆదేశం ఉంది. సౌదీలో, యు.ఎ.ఇ.లో నోటరీని ‘కాతిబుల్ అద్ల్’ అంటారు. అంటే న్యాయ లేఖకుడు. ఆ పేరు వింటేనే ఈ ఆయతు గుర్తుకు రావాలి.

మరొకరికి అధికారమివ్వటం, అంటే వకాలత్, కూడా ప్రవక్త (స) సంప్రదాయంలో ఉన్నదే. హజ్రత్ ఉమ్మె హబీబా (రజి) హబషాలో పరదేశిగా ఉన్నప్పుడు, మదీనా నుంచి దైవప్రవక్త (స) ప్రతినిధి ద్వారానే నికాహ్ జరిగింది. మరోసారి ఆయన (స) హజ్రత్ ఉర్వా బారిఖీ (రజి)కి ఒక దీనారు ఇచ్చి గొర్రెను కొనుక్కురమ్మన్నారు. ఆయన ఆ దీనారుతో రెండు గొర్రెలు కొని, ఒకదాన్ని దీనారుకు అమ్మి, గొర్రెతోపాటు దీనారు కూడా తెచ్చి అప్పగించారు. వకీలు అంటే అలా ఉండాలి. లాభమొచ్చినా అది అధికారమిచ్చినవాడిదే.

ఇక ముద్ర సంగతి. నోటరీ గాని, రాయబార కార్యాలయ అధికారి గాని పాస్‌పోర్టు చూసి, “ఈ మనిషి నా ఎదుట సంతకం చేశాడు” అని ధృవీకరిస్తాడు. పత్రంలో రాసినదంతా నిజమని అతను పూచీ పడడు. ఆ పూచీ సంతకం చేసినవాడిది. “మేమిద్దరమే వారసులం” అన్నది అధికారి మాట కాదు, ఆ సోదరుడి మాట. అబద్ధపు సాక్ష్యాన్ని దైవప్రవక్త (స) మహాపాపాల్లో లెక్కించారు. అంతేకాదు, మాటకారితనం వల్ల తన తీర్పు ఎవరికైనా అనుకూలంగా వచ్చి తోటివాని హక్కు చేతికందితే, అది అగ్నిఖండమేనని హెచ్చరించారు. సాక్షాత్తూ ప్రవక్త (స) తీర్పే పరుల సొమ్మును హలాల్ చేయనప్పుడు, ఒక రబ్బరు ముద్ర చేయగలదా?

అందువల్ల పరదేశంలో ఉన్నవారు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. అక్కడి నోటరీ వద్ద పత్రం సాధారణంగా అరబీలో ఉంటుంది. నమాజులో అరబీ చదివినంత మాత్రాన పత్రంలోని అరబీ అర్థం కాదు. తెలిసినవారితో ప్రతి వాక్యం చెప్పించుకున్నాకే సంతకం చేయాలి. ఖాళీ కాగితంపై సంతకం చేసి ఎవరికీ పంపకూడదు. ఒక్క పనికి అధికారం చాలినప్పుడు సర్వాధికారం ఇవ్వకూడదు.

మన దేశంలో వాడే పత్రాన్ని అక్కడి భారత రాయబార కార్యాలయంలోనే ధృవీకరింపజేసుకోవచ్చు. 1948 చట్టం మన కాన్సులర్ అధికారులకు నోటరీ పనులు చేసే అధికారమిచ్చింది. అపోస్టిల్ ఒప్పందంలో ఉన్న దేశాల్లో ఆ మార్గమూ ఉంది. భారతదేశంలో అది 2005 నుంచి, సౌదీలో 2022 నుంచి అమల్లో ఉంది. పత్రం మన దేశానికి చేరాక మూడు నెలల్లోగా స్టాంపు సుంకం కట్టాలి. అధికారమిచ్చినవాడు మరణిస్తే వకాలత్ ముగుస్తుంది. షరీఅత్ మాటా ఇదే, సాధారణంగా మన దేశ చట్టం మాటా ఇదే. ఆ తర్వాత ఆస్తి వారసులది.

ఆ సోదరుడికి మేము చెప్పిన జవాబు ఇది: ఇద్దరు కొడుకులు, ఒక కూతురు మాత్రమే వారసులైతే, అప్పులు, వసీయతు పోను మిగిలినదానిలో అయిదింట ఒక వంతు ఆమెది. మీరు చెరి సగం తీసుకున్నారు గనుక ఒక్కొక్కరి వద్ద మొత్తంలో పదింట ఒక వంతు ఆమె సొమ్ము ఉంది. మీ దగ్గరున్నది ముందు అప్పగించండి. ఆమెను క్షమాపణ అడగండి. అన్నయ్యకు నచ్చజెప్పండి. ఆయన కాదంటే ఎవరి ముందైనా నిజం చెప్పండి. అన్నిసా సూరా 135వ ఆయతు మనకు, మన దగ్గరి బంధువులకు వ్యతిరేకమైనా సరే న్యాయ సాక్ష్యం చెప్పమంటోంది. ఆ పత్రాన్ని వెంటనే రద్దు చేయించండి.

అతను చాలాసేపు తలవంచుకుని కూర్చున్నాడు. తర్వాత “చెల్లెలి ఊరికి బస్సు ఎన్ని గంటలకుంది?” అని అడిగాడు.

మనం సంతకం చేసిన పత్రాలన్నీ ఇక్కడి బీరువాల్లోనే ఉండిపోతాయని అనుకోవద్దు. మరో గ్రంథంలో కూడా అవి రాయబడుతున్నాయి. అల్లాహ్ మనందరికీ సత్యమే పలికే నోటిని, సత్యానికే సంతకం చేసే చేతిని ప్రసాదించుగాక! ఆమీన్.